ఆత్మకూరు సుగంధి, కంపెనీ నల్లనీళ్లు

నేను కూల్‌డ్రింక్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్నవాడైనా, దవాఖానాలో సూది వేసే నర్సమ్మ అయినా ఒకటే అడుగుతారు. "సార్, గా నల్లదాంట్ల ఏం కలుపుతరు?"

తెలియదంటే నమ్మరు. "చెప్పొద్దని రాయించుకున్నరా?" అని కన్నుగీటుతారు. ఒకసారి గద్వాల బస్సులో ఒక పెద్దాయన నేను దిగే స్టాపు దాకా వదల్లేదు. నేను మెట్టు దిగుతుంటే వెనక నుంచి, "పోనీ తియ్యి సార్, అందుల సారా ఉన్నదా లేదా, తలకాయ ఊపు చాలు" అన్నాడు. బస్సంతా నా తలకాయ వైపే చూసింది. నేను ఊపకుండా దిగిపోయాను. దాంతో ఉందనే అనుకుని ఉంటారు.

నిజంగానే నాకు తెలియదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ పాకాన్ని కలిపించింది నేను, రుచి చూసి పంపింది నేను. అందులో ఏముందో మాత్రం ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడు మా అన్న మనవడు డిగ్రీ పూర్తిచేసి అలాంటి ప్లాంటులోనే కెమిస్టుగా చేరాడు. "తాతా, ఆ పని ఎట్లుంటది?" అని అడిగాడు. వాడి కోసం, వాడిలాంటి పిల్లల కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు రాయను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆగిపోతాయి.

నంబర్ల డబ్బాలు

బీచుపల్లి దాటాక హైవే పక్కన ఉండేది మా ప్లాంటు. నీళ్లు మావి, చక్కెర మాది, గ్యాసు మాది. అసలు సరుకు మాత్రం ఎక్కడి నుంచో సీలు వేసిన డబ్బాల్లో వచ్చేది. డబ్బాల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. ఫలానా నంబరు ముందు పొయ్యాలి, ఫలానాది తర్వాత పొయ్యాలి, అంతే. ఒకదాన్ని మూత తీస్తే నిమ్మతొక్క గుర్తొచ్చేది. ఇంకోదాన్ని తీస్తే మా అమ్మమ్మ వాడిన కషాయం గుర్తొచ్చేది. రెండూ కలిశాక ఏదీ గుర్తొచ్చేది కాదు.

మా మొదటి మేనేజరు పాటిల్ సార్ రాయచూరు మనిషి. కోపం వస్తే కన్నడంలో తిట్టి, శాంతించాక తెలుగులో సర్దిచెప్పేవాడు. కాలేజీ పిల్లలు ప్లాంటు చూడటానికి వస్తే ఆయనకు పండగే. సిరప్ రూము తలుపు దగ్గర నిలబెట్టి, గొంతు తగ్గించి, "ఈ రహస్యం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఒకే విమానం ఎక్కరు" అని చెప్పేవాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. ఆ తర్వాత వాళ్లకిచ్చిన సీసాను మామూలుగా గటగటా తాగకుండా, నాలుక మీద నిలిపి నిలిపి తాగేవారు.

"సార్, ఆ ఇద్దరు ఎవరు?" అని ఒకరోజు అడిగాను.

"ఏనప్పా, నాకేం తెలుసు? నేనూ విన్నదే" అని నవ్వాడు. "చూసావా, వాళ్లు ఎట్లా తాగారో? తలుపు మూసి ఉంటేనే లోపల ఏదో ఉందనిపిస్తుంది."

నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. ఆ రహస్యం దొంగల కోసం దాచింది కాదు, కొనేవాళ్ల కోసం దాచింది. మంచి ల్యాబు ఉన్నవాడెవడైనా దానికి దగ్గరగా వచ్చేస్తాడు. కానీ వాడి సీసాకు కథ ఉండదు. ఇక రుచి మాటకొస్తే, అందులో ఎక్కువ భాగం చక్కెర, పులుపు, గ్యాసు, చలువ. ఎండలో వచ్చినవాడికి ఆ నాలుగూ చాలు. అయినా మళ్లీ మళ్లీ అదే ఎందుకు అడుగుతాడు? దాని వాసనకు పేరు పెట్టలేం కాబట్టి. నిమ్మ సోడా తాగితే నిమ్మ అని తెలిసిపోతుంది, అక్కడితో సరి. ఇది మాత్రం ఏమిటో తేలదు. తేలనిదాని దగ్గరికే మనిషి తిరిగి తిరిగి వస్తాడు. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

నాలుకతో నౌకరీ

కొత్తగా చేరేవాళ్లు యంత్రాలు చూసి మురిసిపోతారు. యంత్రాలు చక్కెర ఎంతో, గ్యాసు ఎంతో చెబుతాయి. నిన్నటిలాగే ఉందా అన్నది చెప్పేది మాత్రం నాలుక, ముక్కు. పొద్దున టిఫిను అరిగి, మధ్యాహ్నం ఆకలి ఇంకా మొదలుకాని వేళలో మమ్మల్ని కూర్చోబెట్టేవారు. జర్దా నమలకూడదు, అత్తరు పూయకూడదు, తలకు వాసన నూనె రాయకూడదు. ఎదురుగా మూడు గ్లాసులు. రెండింట్లో ఒకటే సరుకు, ఒకదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. దాన్నే మేము మూడు గ్లాసుల పరీక్ష అనేవాళ్లం. బాగుందా బాగాలేదా అని ఎవరూ అడగరు. వేరేగా ఉన్నది ఏది, అంతే.

ఈ నౌకరీ వల్ల ఇంట్లో నా పరువు పోయింది. "ఊదుబత్తి ముట్టియ్యనియ్యవు, మల్లెపూలు పెట్టుకోనియ్యవు, కూరల ఎల్లిపాయ ఎయ్యనియ్యవు. గిదేం సంసారం? నీ నాలికనే పెండ్లి చేసుకుంటే అయిపోవు!" అనేది నా భార్య. రిటైరైన రోజు రాత్రి వంకాయ కూరలో వెల్లుల్లి దండిగా దంచి వేసింది. ఆ రుచి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఒక ముచ్చట చెబుతాను. ఒక ఎండాకాలం వనపర్తి నుంచి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. "కంపెనోళ్లు మసాలా మార్చిన్రు" అని ఊరంతా ఒకటే మాట. పాటిల్ సార్ ఒంటికాలి మీద లేచాడు. నీళ్లు చెడ్డాయన్నాడు, డబ్బాలు చెడ్డాయన్నాడు, చివరికి నా నాలుక చెడ్డదన్నాడు. నేను వనపర్తి వెళ్లి ఫిర్యాదు వచ్చిన ప్రతి సీసా ఎక్కడ కొన్నారో అడిగాను. అన్నీ ఒకే కొట్టు. అది రంజాన్ నెల. కొట్టు యజమాని టోపీలు, సుర్మా, అత్తరు సీసాలు తెచ్చి అమ్ముతున్నాడు. కూల్‌డ్రింకులు కూడా అదే ఇరుకు గదిలో, అత్తరు పెట్టెల పక్కనే. మధ్యాహ్నం షట్టరు మూసేస్తే లోపలంతా ఉడుకు. ప్లాస్టిక్ సీసాలు ఆ వాసనంతా పీల్చుకున్నాయి.

సరుకు మార్చి ఇచ్చి, అత్తరును వేరే గదిలోకి జరిపించి వచ్చాను. నెల తిరక్కుండా ఆయనే ఫోన్ చేశాడు. "సార్, గా అత్తరు డ్రింకు ఇంకోటి ఉన్నదా? ఇద్దరు ముగ్గురు రోజూ వచ్చి అడుగుతున్నరు."

ఖాదర్ సాబ్ కొట్టు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆత్మకూరులో ఎండాకాలం మా సరుకు అమ్ముడుపోయేది కాదు. కారణం కనుక్కురమ్మని పాటిల్ సార్ నన్ను పంపాడు. కారణం బస్టాండు ఎదురు సందులోనే ఉంది. ఖాదర్ సాబ్ అనే ఆయన చేసే సుగంధి. సుగంధి వేళ్ల పాకాన్ని చక్కెర నీళ్లలో కలిపి సీసాల్లో అమ్మేవాడు. ఒక గుక్క తాగాను. వేళ్ల వాసన తెలిసింది. దాని వెనక ఇంకేదో ఉంది. అదేమిటో ఎంత నాలుక చప్పరించినా అందలేదు. రెండో సీసా అడిగాను. కంపెనీ మనిషిని, పోటీవాడి కొట్టు ముందు నిలబడి రెండో సీసా తాగాను!

ఆయనకు నేనెవరో తెలిసినా కోపం రాలేదు. పైగా గర్వంగా చెప్పుకొచ్చాడు. వేళ్లు నాగర్‌కర్నూలులో కొంటాడట, లవంగం లాంటివి గద్వాలలో, గులాబీ రెక్కలు వనపర్తిలో. అవసరం లేనివి కూడా నాలుగు కలిపి కొంటాడట. అవి ఇంట్లో బిర్యానీలోకి పోతాయి.

"ఏ దుకాన్దారుకూ మొత్తం తెల్వొద్దు సార్. ముగ్గురు ఒక్కకాడ కూసుంటే నా పని ఖతం."

"ఎప్పుడైనా కూర్చుంటారేమో?"

"కూసోరు. ఒకనికొకడు పడదు. అందుకే ఆళ్ల దగ్గర్నే కొంట" అని మీసం దువ్వుకున్నాడు.

వనపర్తిలో ఒకతను ఆయన వెంటపడి, ఆయన కొన్నవన్నీ కొని, అన్నీ వేసి సుగంధి చేశాడు. ఆ కొన్నవాటిలో వాము కూడా ఉంది. అది ఖాదర్ సాబ్ దొంగల కోసమే కొన్న వాము. అతని సుగంధిని జనం కడుపునొప్పికి తాగారే తప్ప దాహానికి తాగలేదు.

పాకం చేసే రోజు ఖాదర్ సాబ్ ఒక చిన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. వాసన బయటికి రాకుండా తలుపుకు తడి గోనెపట్టా కట్టేవాడు. రోట్లో దంచే చప్పుడు వింటే ఎన్ని రకాలు దంచుతున్నాడో తెలుస్తుందని రేడియో పెద్దగా పెట్టేవాడు. ఆ గదిలోకి ఇంకెవరూ వెళ్లరు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చిన పద్ధతి అది. పాకం తయారయ్యాక గిన్నె మీద మూతపెట్టి బయటికి వచ్చేవాడు. దాన్ని చక్కెర నీళ్లలో కలిపి సీసాలు నింపేది ఆయన కూతురు షమీమ్. భర్త చనిపోయాక బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. సీసాలు కడగడం, నింపడం, కొట్టులో అమ్మడం అన్నీ ఆమే.

పాటిల్ సార్‌కు ఇదంతా చెప్పాను. "మన కంపెనీ చేసేదే చేస్తున్నాడు కదప్పా" అన్నాడు.

ముక్కు పోయింది

కరోనా కాలంలో ఖాదర్ సాబ్‌కు జ్వరం వచ్చి తగ్గింది. అప్పటికి నేను రిటైరయ్యాను. తర్వాత ఒకరోజు చూసి రావడానికి వెళ్లాను. షమీమ్ చాయ్ పెట్టి, సీసాల పనిలో పడి మరిచిపోయినట్టుంది, పాలు బాగా మాడాయి. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకోగానే మాడు వాసన కొట్టి కింద పెట్టేశాను. ఖాదర్ సాబ్ మాత్రం గుక్క మీద గుక్క తాగి, "బఢియా ఉన్నది" అన్నాడు.

ఆ మనిషికి వాసన పోయింది. మాలాంటివాళ్లకు అంతకంటే పెద్ద కష్టం లేదు. ఆయన మాటమాటకూ నవ్వుతూ, ముక్కు సంగతి మాత్రం ఎత్తకుండా కూర్చున్నాడు.

కానీ ఆ రోజు రాగానే తాగిన సుగంధి ఎప్పటిలాగే ఉంది! ఇదెలా సాధ్యం? లేచి సీసాలు నింపే వెనక గది వైపు వెళ్లాను. షమీమ్ పాకాన్ని చెంచాతో నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. తర్వాత కొంగు మూటలోంచి ఏదో చిటికెడు తీసి గిన్నెలో వేసి కలిపింది. మళ్లీ రుచి చూసింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేను.

"సార్, మీరేం చూడలే. పోండ్రి" అంది. మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్లుగా?"

"జ్వరం వచ్చినప్పటి సంది. అబ్బా పాత కొలతనే ఏస్తడు. ఇప్పటి సుగంధి యేర్లు పాత యేర్ల లెక్క లెవ్వు, లేతవి తెస్తున్నరు. ఇదివరకైతే వాసన పట్టి సర్దుతుండె. ఇప్పుడు పట్టలేడు గద." వాళ్లింట్లో నాన్నను అబ్బా అంటారు.

"మరి ఆయనకు చెప్పరాదా?"

"చెప్తే నీ ముక్కు పోయిందని చెప్పినట్టే గద సార్. ఆత్మకూరంత ఆయన ముక్కును పొగుడుతది. గది పోయిందంటే ఎట్ల తట్టుకుంటడు?" నా చేతులు పట్టుకున్నంత పని చేసింది. "మీ బిడ్డసొంటిదాన్ని. ఎవరికీ చెప్పొద్దు."

చెప్పనని మాటిచ్చాను. మా ఉద్యోగంలో నోరు మూసుకోవడం ఎలాగూ అలవాటే.

ఆ మాట నాకు గుదిబండ అయింది. మరుసటి ఏడు ఖాదర్ సాబ్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. పాకం రహస్యాన్ని వనపర్తిలో మొబైల్ దుకాణం నడిపే అన్న కొడుకు ఇమ్రాన్‌కు ఇస్తాడట. కొట్టు కూడా అక్కడికే మారుతుందట.

"మరి షమీమ్?" అన్నాను.

"మా ఖాందాన్ల ఇది మగపిల్లలది సార్. బిడ్డె ఇంకో ఇంటికి పోయేది."

"పోయి వచ్చింది కదా!"

"మా అబ్బా పెట్టిన కాయిదా. నేనెట్ల తప్పుత?"

నాకు ఒళ్లు మండిపోయింది. షమీమ్ కూతురు ఇంటర్ చదువుతోంది. ఆ కొట్టే వాళ్లిద్దరికీ ఆధారం. తండ్రి ముక్కును కాపాడటానికి ఆమె దాచిన సంగతే ఇప్పుడు ఆమె నోటి దగ్గరి ముద్దను లాగేస్తోంది. ఒక్క మాట చెబితే చాలు, అంతా మారిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పనని నేనే ఒప్పుకున్నాను. ఆమెను అడిగితే, "ఆయన మాట కాదంటనా సార్?" అని తల వంచుకుంది.

మూడు గ్లాసులు

ఇమ్రాన్ మంచి పిల్లవాడు. ఖాదర్ సాబ్ పక్కన నిలబడి చెప్పినట్టే పాకం చేసి, వనపర్తికి తీసుకెళ్లి తానే చక్కెర నీళ్లలో కలిపి అమ్మకం పెట్టాడు. కొన్నవాళ్లు సగం తాగి పెట్టేశారు. "ఇది ఆత్మకూరుది కాదు" అన్నారు. కొన్నాళ్లకు ఖాదర్ సాబ్ నాకు ఫోన్ చేశాడు. "సార్, పోరడు పరేషాన్ అయితుండు. నేను నిలవడి చేపిచ్చిన. తప్పు యాడుందో మీరే చెప్పాలె. మీది కంపెనీ నాలిక."

వెళ్లాను. ఖాదర్ సాబ్ మంచం మీద, ఇమ్రాన్ పక్కన కుర్చీలో. షమీమ్ గుమ్మంలో నిలబడి, తండ్రికి కనబడకుండా నాకు చెయ్యి అడ్డంగా ఊపింది. చెప్పొద్దని.

నేను చెప్పలేదు. మూడు గ్లాసులు అడిగాను. తెర వెనక్కి వెళ్లి, రెండింట్లో ఇమ్రాన్ తెచ్చిన సీసాలోది, ఒకదాంట్లో షమీమ్ నింపిన సీసాలోది పోసి తెచ్చాను. నేను తాగకుండా ఇమ్రాన్ ముందు పెట్టాను.

"నువ్వు చెప్పు బాబూ. వేరేది ఏది?"

అతను మూడూ రుచి చూశాడు. మళ్లీ చూశాడు. నడిమి గ్లాసు ముందుకు జరిపాడు. "ఇది మనది సార్. ఇవి రెండు నేను చేసినవి." తల దించుకుని, "చిచ్చా, నాతోని కాదు" అన్నాడు.

"అరె, ఎట్లయితది?" ఖాదర్ సాబ్ లేచి కూర్చున్నాడు. "ఆ పాకం నేనే చేసిన, ఈ పాకం నేనే చేపిచ్చిన. అదే కొలత. ఫరక్ యాడికెల్లి వస్తది?"

ఆయన నడిమి గ్లాసు తీసుకుని వాసన చూశాడు, తాగాడు. పక్క గ్లాసు తీసుకుని వాసన చూశాడు, తాగాడు. చాలాసేపు రెండు గ్లాసులూ చేతుల్లో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇమ్రాన్ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు.

"నాకు రెండు నీళ్ల లెక్కనే ఉన్నయి" అన్నాడు చివరికి.

షమీమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత గర్వమున్న మనిషి ఆ మాట తన నోటితో అన్నాడు.

"నా ముక్కు పోయి ఎన్నొద్దులాయె. మరి ఇన్నొద్దులు దీన్ని సర్దిందెవరు?" అని మెల్లగా గుమ్మం వైపు తిరిగాడు. "ఏం కలిపినవ్ బేటీ?"

షమీమ్ కళ్లు తుడుచుకుంది. నన్ను చూసింది, ఇమ్రాన్‌ను చూసింది.

"చెప్ప."

"నేను నీ అబ్బాను!"

"నీకు చెప్త. వీళ్ల ముందట చెప్ప."

ఖాదర్ సాబ్ ఒక్క క్షణం ఆమెను తేరిపార చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారాయి. నడుముకు కట్టుకున్న పాకం గది తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "సార్, ఇమ్రాన్, మీరు జర బయట అరుగు మీద కూసోండ్రి" అన్నాడు.

మేమిద్దరం బయటికి వచ్చాం. ఇమ్రాన్ ఊపిరి పీల్చుకుని, "నాకు మొబైల్ దుకాణమే మంచిగున్నది సార్" అన్నాడు. లోపల తడి గోనెపట్టా తలుపుకు కట్టిన చప్పుడైంది. రేడియో మోగింది. తండ్రీకూతుళ్లు మొదటిసారి కలిసి ఆ పాకం గదిలో. రోట్లో దంచుతున్న చప్పుడు కూడా వినబడకుండా రేడియో ఇంకా పెంచారు. దాని మీద నుంచి ఖాదర్ సాబ్ గొంతు, "ఆఁ? ఏంది? ఏం కలిపినవ్ అంటివి?" అని వినిపించింది. నా చెవులు వాటంతట అవే ఆ వైపు తిరిగాయి.

"గట్టిగ అడుగకు అబ్బా" అంది షమీమ్. "బయట కంపెనీ సార్ ఉన్నడు."